ఫ్యాబ్రికేషన్ డేటాబేస్: అందరికీ ఒకటా, ప్రాజెక్టుకొకటా? ఏది మేలు?

బెంగళూరు మారతహళ్ళిలో మా ఆఫీసు కింద టీ బండి దగ్గర నిలబడితే వారానికి ఒకరైనా ఈ ప్రశ్న అడుగుతారు. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చి బిమ్ డీటెయిలింగ్‌లో (బిల్డింగును కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా గీసి షాపుకు కొలతలిచ్చే పనిలో) చేరి, రెండు మూడేళ్ళకే డేటాబేస్ బాధ్యత నెత్తిన పడ్డ కుర్రాళ్ళు వీళ్ళు. ఏ ముక్క ఏ కొలతతో, ఏ మందం రేకుతో, ఏ అతుకుతో తయారవ్వాలో రాసిపెట్టుకున్న ఫైళ్ళనే డేటాబేస్ అంటాం, కాన్ఫిగ్ అన్నా అదే. "అన్నా, కాన్ఫిగ్ సర్వర్‌లో ఒకటే పెట్టి అందరినీ దానికే కలపాలా, ప్రాజెక్టు మొదలైనప్పుడల్లా కాపీ కొట్టి ఇచ్చేయాలా?" అంటారు. నేను రెండూ చేశాను, రెండింటిలోనూ దెబ్బలు తిన్నాను.

కాపీ పద్ధతిలో సుఖం ఏమిటంటే, పాత ప్రాజెక్టు ఫోల్డరు తీసుకుని పేరు మార్చి రెవిట్ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాన్ఫిగరేషన్ చూపించేస్తే అరగంటలో పని మొదలవుతుంది. ఒకరు చేసిన తప్పు పక్క ప్రాజెక్టుకు అంటదు. అమెరికా క్లయింట్ల పనైతే ఇక చర్చే లేదు. వాళ్ళ షాపులోని యంత్రాలకు తగ్గట్టు వాళ్ళే డేటాబేస్ పంపుతారు, అది విడిగానే ఉండాలి, అందులో మనం వేలు పెట్టకూడదు. వెర్షన్ల గొడవా ఉంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఐటెం (ఒక్కో ముక్క ఫైలు) పాతదాంట్లో తెరుచుకోదు, రెవిట్ ఫైలూ వెనక్కి సేవ్ కాదు. 2022 వెర్షన్‌లో మొదలైన జాబ్ 2022 వెర్షన్‌లోనే ముగియాలి. ఇంతవరకు కాపీదే పైచేయి.

నన్ను అటునుంచి ఇటు తిప్పింది మాత్రం బెంగళూరులోనే పీణ్యాలోని ఒక డక్టు (ఏసీ గాలి పోయే రేకు గొట్టం) షాపు మేస్త్రీ.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక ఆఫీసు బిల్డింగు పని. టైము లేక, అంతకుముందు అమెరికా జాబ్‌కు వాడిన డేటాబేస్‌నే కాపీ కొట్టాం. గేజ్‌లు (రేకు మందాలు) మార్చాం, మిల్లీమీటర్లలోకి తిప్పాం, అంతా సరిచూశాం అనుకున్నాం. సూటి డక్టు ఐటెంలో ఉన్న పొడవు మాత్రం ఎవరి కంటా పడలేదు. అది 60 అంగుళాల కాయిల్‌కు (రేకు చుట్టకు), అంటే 1524 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గట్టు పెట్టింది. రెండు చివర్లా టీడీఎఫ్ ఫ్లాంజ్ (ముక్కల్ని కలిపే అంచు) మడతకు పోయే రేకు పోగా 56 అంగుళాల ముక్క వస్తుంది. మేస్త్రీ దగ్గరున్న కాయిల్ వెడల్పు 1250. డ్రాయింగులో మా ముక్క 1422.

హిందూపురం మనిషి, నింపాదిగా మాట్లాడతాడు. "సార్, మీరు గీసిన ముక్క మా కాయిల్‌లో పుట్టదు. అతుకేయమంటారా, మళ్ళీ గీస్తారా?" అన్నాడు. మళ్ళీ గీశాం. ముక్క పొడవు మారితే జాయింట్లన్నీ జరుగుతాయి, జాయింట్లు జరిగితే హ్యాంగర్లు (డక్టును వేలాడదీసేవి) జరుగుతాయి, ట్యాగ్ నంబర్లన్నీ కొత్తవి. మూడు రాత్రులు పోయాయి. ఆ ప్రాజెక్టు కాపీలో పొడవు సరిచేసి హమ్మయ్య అనుకున్నాం.

ఐదు నెలలకు ఇంకో బిల్డింగు వచ్చింది. ఈసారి డేటాబేస్ సిద్ధం చేసిన కుర్రాడు మేం సరిచేసిన కాపీని కాకుండా, దానికన్నా పాత కాపీని తీశాడు. అతనికి ఎలా తెలుస్తుంది? సర్వర్‌లో ఒకేలాంటి పేర్లతో ఏడు ఫోల్డర్లున్నాయి, ఒకదాని చివర ఫైనల్ అని, ఇంకోదాని చివర ఫైనల్ 2 అని. మళ్ళీ అదే మేస్త్రీ ఫోన్ చేశాడు. ఈసారీ తిట్టలేదు, విసుక్కోలేదు. "సార్, పోయినసారి చెప్పినాను కదా" అన్నాడు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటినుంచి ఎవరడిగినా నేను చూసేది ఒకటే. షాపులో దొరికిన తప్పు తిరిగి డేటాబేస్‌కు చేరుతుందా, చేరితే తర్వాతి ప్రాజెక్టుకు అందుతుందా? వేగం, సర్వర్ ఖర్చు, ఎవరి కంప్యూటర్ ఎంత నెమ్మది అన్నవన్నీ దీని తర్వాతే. కాపీ పద్ధతిలో ఆ దిద్దుబాటు ఆ ప్రాజెక్టుతోనే ఆగిపోతుంది. ఏడు కాపీలుంటే ఏడు చోట్ల దిద్దాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

అలాగని ఉమ్మడి డేటాబేస్ పూలపాన్పేమీ కాదు. ఈ డేటాబేస్‌ను నడిపే ఫ్యాబ్రికేషన్ సాఫ్ట్‌వేర్ మొదట మ్యాప్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీది, 2011లో రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ కొనుక్కుంది, రెవిట్‌లోకి దీని పార్టులు 2016 వెర్షన్‌తో వచ్చాయి. డేటాబేస్ అని పేరే గానీ లోపల ఉన్నది ఫైళ్ళ గుట్ట. ఇద్దరు ఒకేసారి తెరిచి ఒకరు గేజ్‌లు, ఒకరు కనెక్టర్లు (ముక్క చివర్ల అతుకులు) మారుస్తుంటే, ఒకే ఫైలు మీద చేతులు పడ్డచోట చివర సేవ్ చేసినవాడిదే నిలుస్తుంది. ముందువాడి పని చెప్పాపెట్టకుండా పోతుంది. ఐటెం ఫైలును విండోస్ ఫోల్డర్లోంచి లాగి వేరేచోట పడేశారా, సర్వీసులోని (ముక్కలు ఎంచుకునే జాబితాలోని) బటన్‌కు దారి తప్పుతుంది. రీలోడ్ (డేటాబేస్‌లోని మార్పుల్ని మోడల్‌లోకి తెచ్చుకోవడం) సంగతి మరీ టెన్షన్. ఉమ్మడిలో ఎవరో కనెక్టర్ మార్చారనుకోండి, మీరు రీలోడ్ నొక్కగానే ఇదివరకే పెట్టిన ముక్కలూ మారొచ్చు, జాయింట్లు విడిపోవచ్చు. మాకు ఒక శనివారం సాయంత్రం అదే జరిగింది, అప్పటికే షాపుకు పంపేసిన రెండో అంతస్తు మీద. స్క్రీన్ మీద ఒక డక్టు, పీణ్యాలో కోసిన రేకు ఇంకొకటి.

అయినా నేను ఉమ్మడి వైపే. దీని జబ్బులకు మందుంది. మార్చే హక్కు ఒక్కరికే ఇచ్చి మిగతా అందరికీ సర్వర్‌లో చదివే హక్కు మాత్రమే పెడితే సగం గొడవ పోతుంది. మార్చబోయే ముందు ఫోల్డరు మొత్తం తేదీ వేసి జిప్ చేసుకోవాలి. ఏం మార్చాం, ఎవరు అడిగారు అన్నది ఒక ఎక్సెల్ షీటులో ఒక్క లైను రాసుకోవాలి. షాపుకు వెళ్ళిన అంతస్తులున్న మోడల్‌లో రీలోడ్ నొక్కే ముందు ఆ మోడల్ కాపీలో నొక్కి చూసుకోవాలి. కాపీ పద్ధతికి ఇలాంటి మందు నాకు దొరకలేదు. ప్రతి కాపీనీ వెతుక్కుంటూ వెళ్ళి సరిచేసే మనిషిని పెట్టుకుంటే తప్ప.

మార్చే హక్కనే ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. సాఫ్ట్‌వేర్ బాగా వచ్చినవాడికి ఇస్తారు సాధారణంగా. నేనైతే నెలకోసారైనా షాపుకు వెళ్ళొచ్చేవాడికి ఇస్తాను. పిట్స్‌బర్గ్ సీమ్‌కు (డక్టు మూలలో వేసే మడత అతుకుకు) రేకు ఎంత పోతుందో మెషీన్ పక్కన నిలబడి చూసినవాడు ఆ అంకెను ఊరికే మార్చడు.

మిగతా దారుల గురించి కూడా అడుగుతుంటారు. వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టి సింక్ చేయడం: వద్దు, రెండు వారాల్లో ఒకే ఫైలుకు రెండు రూపాలు తయారవుతాయి. రెడీమేడ్ కంటెంట్ కొనుక్కోవడం: పైపుల పనికి ఫరవాలేదు, డక్టులకైతే మన షాపు అంకెలు మనమే ఎక్కించుకోవాలి. అసలీ గోలంతా మానేసి మామూలు రెవిట్ ఫ్యామిలీలతో (రెవిట్ సొంత ముక్కలతో) నెట్టుకొస్తాం అంటే, డిజైన్ వరకే అయితే అలాగే కానివ్వండి.

ఇప్పుడు మా దగ్గర వెర్షన్‌కొకటి చొప్పున రెండు ఉమ్మడి డేటాబేస్‌లున్నాయి, 2022కు ఒకటి, 2024కు ఒకటి. కాబట్టి షాపు నుంచి వచ్చిన దిద్దుబాటు ఇప్పటికీ రెండు చోట్ల చేయాలి, అది ఒప్పుకుంటాను. క్లయింట్లవి పక్కన వేరే డ్రైవ్‌లో ఉన్నాయి, ఎవరూ ముట్టరు. మొన్న మేస్త్రీ మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి ఎల్బోలో (డక్టు మలుపులో) గాలిని తిప్పే వేన్ల (రేకు పలకల) గురించి. రెండు చోట్లా మార్చి, షీటులో లైను రాసి, ఆ తర్వాతే టీకి దిగాను.