రోమ్ నుండి వెనిస్ దాకా: ఒక విద్యార్థి యాత్ర ప్యాకేజీ సమీక్ష

గత అక్టోబరులో మా చిత్రకళా విభాగానికి చెందిన 42 మంది విద్యార్థులను, మరో ఇద్దరు సహాధ్యాపకులతో కలిసి, ఏడు రాత్రుల ఇటలీ యాత్రకు తీసుకువెళ్లాను. రోమ్‌లో మూడు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో రెండు, వెనిస్ పక్కన ఉన్న మేస్ట్రేలో రెండు. దారిలో అస్సీసీ, పాదువా. విమానం, బస్సు, బస, రెండు పూటల భోజనం, ప్రవేశ టికెట్లు అన్నీ కలిపి తలకు 2,35,000 రూపాయలు. ఏర్పాట్లు చూసిన ట్రావెల్ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. కళాశాలలకు అమ్ముతున్న ఇలాంటి ప్యాకేజీల కరపత్రాలు ఈ ఏడాది నాలుగు నా బల్ల మీదికి వచ్చాయి. ఊళ్ల పేర్లు అటూ ఇటూ మారినా, నాలుగింటిదీ ఒకే పోత. కాబట్టి ఇది ఒక్క సంస్థ గురించి కాక, ఆ రకం యాత్ర గురించిన సమీక్షగానే చదువుకోవచ్చు.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. బస శుభ్రంగా ఉంది, బస్సు ఎక్కడా మొరాయించలేదు, పిల్లలెవరూ తప్పిపోలేదు. మా ఫిర్యాదంతా గడియారం గురించే. ఏ చోట ఎంతసేపు నిలవాలో నిర్ణయించిన మనిషి ఆ చోట్లను ఎన్నడూ చూసి ఉండడని మూడో రోజుకే మా అందరికీ అర్థమైపోయింది.

బయలుదేరక ముందే రెండు విషయాల్లో మాకు సరైన సమాచారం అందలేదు. కరపత్రంలో పెద్ద అక్షరాలతో ‘విద్యార్థులకు టికెట్లలో రాయితీ’ అని ఉంది. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలలో 18 ఏళ్ల లోపు వారికి, ఏ దేశం వారైనా సరే, ప్రవేశం ఉచితం. 18 నుండి 25 ఏళ్ల మధ్య వారికి రెండు యూరోల టికెట్ ఉన్న మాట నిజమే కాని అది ఐరోపా సమాఖ్య పౌరులకు మాత్రమే. మా పిల్లలంతా 19, 20 ఏళ్ల వారు కనుక ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ, అకాదెమియా మ్యూజియాల్లో పూర్తి ధరే పడింది. రెండోది వీసా. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఒకటిగా ఇచ్చే షెంగెన్ వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు. చదువు నిమిత్తం ప్రయాణించే విద్యార్థులకు, వారి వెంట వెళ్లే అధ్యాపకులకు ఆ రుసుము నుండి మినహాయింపు వీసా నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి సంస్థ మాకు చెప్పలేదు. డబ్బు కట్టేశాక, మా సహాధ్యాపకుడు నిబంధనలు చదువుతూ కనిపెట్టాడు. కళాశాల లేఖను మొదటే జత చేసి మినహాయింపు అడిగి ఉండవలసింది.

ఇక రోమ్. వాటికన్ సందర్శనను బుధవారం ఉదయం పెట్టారు. పోప్ సాధారణంగా బుధవారం ఉదయం సెయింట్ పీటర్స్ చౌకులో భక్తులకు దర్శనమిస్తారు, ఆ సభ ముగిసే వరకు అక్కడి పెద్ద చర్చి అయిన బసిలికాలోకి సందర్శకులను రానివ్వరు. తిరుపతి వెళ్లేవాడు బ్రహ్మోత్సవాల తేదీలు చూసుకోకుండా వెళ్తాడా? మ్యూజియం చూసి, మైఖెలాంజెలో చిత్రాలున్న ప్రార్థనా మందిరం సిస్టీన్ చాపెల్ నుండి గ్రూపులు నేరుగా బసిలికాలోకి దిగే దారిన వెళ్తామని మాకు చెప్పారు. ఆ దారి మూసి ఉంది. మళ్లీ గోడ చుట్టూ నడిచి, చౌకులో భద్రతా తనిఖీ వరుసలో నిలబడి, లోపలికి అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. బస్సు నాలుగింటికి. 1506లో మొదలై 1626లో ప్రతిష్ఠ జరిగిన ఆ మహా కట్టడానికి మాకు మిగిలింది రెండు గంటల కన్నా తక్కువ. మైఖెలాంజెలో పాతికేళ్లు నిండకుండానే చెక్కిన ‘పియెతా’ (చనిపోయిన క్రీస్తును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ శిల్పం) ముందు, 1972లో దాని మీద సుత్తి దెబ్బలు పడినప్పటి నుండి అడ్డంగా ఉన్న అద్దంలో, శిల్పం కంటే మా ముఖాలనే ఎక్కువగా చూసుకున్నాం.

సిస్టీన్ చాపెల్‌లో గైడు మాట్లాడకూడదు, ఫొటో తీయకూడదు. అందుకే గైడులు బయటి ప్రాంగణంలో నిలబెట్టిన బొమ్మల పలకల దగ్గరే మొత్తం పాఠం చెప్పేస్తారు. మాకు దొరికిన స్థానిక గైడు చాలా మంచి మనిషి. 1508 నుండి 1512 వరకు ఆ కప్పును మైఖెలాంజెలో పడుకుని కాదు, పరంజా మీద నిలబడి తల వెనక్కి వాల్చి వేశాడని, 1980 నుండి 1994 వరకు సాగిన శుద్ధిలో శతాబ్దాల కొవ్వొత్తుల మసి పోయి, ఇంత పచ్చి రంగులు బయటపడేసరికి పండితులు రెండు వర్గాలుగా చీలిపోయారని ఆమె చెప్పిన తీరుకు పిల్లలు నోట్సు రాయడం కూడా మానేసి విన్నారు. లోపల మాత్రం ఇరవై నిమిషాలే. మా వాళ్లలో చాలామంది రెండో ఏడాదిలో లేపాక్షి వీరభద్రాలయం కప్పు చిత్రాలకు నకళ్లు గీసినవారు. అచ్యుతదేవరాయల నాటి ఆ చిత్రాలకు, ఈ చాపెల్ గోడ మీద 1541లో పూర్తయిన ‘తుది తీర్పు’కు కాలంలో పెద్ద ఎడం లేదు. లేపాక్షిలో రాతి నేల మీద వెల్లకిలా పడుకుని, ఒక్క చీర అంచు కోసం ఒక పూటంతా గడిపిన పిల్లలు ఇక్కడ జనం ఒత్తిడిలో మెడ ఎత్తి, కాపలావారి ‘సిలెన్‌త్సియో’ (నిశ్శబ్దం) అరుపుల మధ్య ఏం చూస్తారు? ఈ విషయంలో తప్పు సంస్థది కాదు. అక్కడి రద్దీ అలాంటిది. ఉదయపు తొలి ప్రవేశానికి టికెట్ తీసుకుని ఉంటే మాత్రం కొంత మేలుగా ఉండేది.

రోమ్‌లో మాకు దక్కిన అసలు సంపద షెడ్యూలులో లేనే లేదు. పురాతన రోమన్ ఆలయం పాంథియన్ చూసి బస్సు కోసం నడుస్తుంటే, అదే గైడు దారి మళ్లించి సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ అనే చర్చిలోకి తీసుకువెళ్లింది. ప్రవేశ రుసుము లేదు. ఎడమ వైపు చివర ఒక చీకటి గది, అందులో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన మూడు చిత్రాలు. పక్కన గోడకు ఒక చిన్న పెట్టె. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కొద్దిసేపటికి దానంతట అదే ఆరిపోతుంది. మొదటి నాణెం పడగానే ‘మత్తయి పిలుపు’ వెలుగులోకి వచ్చింది. సుంకం వసూలు చేసే బల్ల చుట్టూ కూర్చున్న మనుషులు, ఒకడు తల వంచి డబ్బు లెక్కపెడుతూనే ఉన్నాడు, కుడి వైపు నుండి క్రీస్తు చెయ్యి, ఆ చేతితో పాటే లోపలికి వచ్చిన వెలుతురు. మూడో ఏడాది అమ్మాయి ఒకతె, ‘మేడమ్, చూడండి, ఆ పై కిటికీ ఎటుందో బొమ్మలో వెలుగు కూడా అటు నుంచే’ అంది. నిజమే, గదికి ఉన్న కిటికీ దిక్కును బట్టే చిత్రకారుడు వెలుగు దిక్కును పెట్టుకున్నాడు; పుస్తకంలో అచ్చు బొమ్మ చూపి పదేళ్లుగా పాఠం చెబుతున్న నేను దీన్ని పిల్లలకు ఒక్కసారైనా చెప్పలేదు. దీపం ఆరిపోయింది. ‘అయ్యో’ అని తెలుగులో, దాని పక్కనే మరో రెండు భాషల్లో నిట్టూర్పులు వినిపించాయి. అంతే, జేబులు తడుముకుని, టోపీలో చిల్లర పోగేసి, ముక్కూ మొహం తెలియని వాళ్లకు కూడా మా వాళ్లే అరగంట సేపు దీపం వెలిగించారు. మా టూర్ మేనేజరు బయట గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. యాత్ర మొత్తంలో ఖర్చుకు తగిన ఫలితం ఎక్కడ దొరికిందని అడిగితే నేను చూపించేది ఆ చిల్లరే.

మరునాడు అస్సీసీ. క్రైస్తవ సన్యాసి సెయింట్ ఫ్రాన్సిస్ 1226లో మరణించాడు. 1228లోనే ఆయన సమాధి మీద బసిలికా కట్టడం మొదలుపెట్టారు. ఒకదాని మీద ఒకటిగా రెండు చర్చిలు. గుమ్మం దగ్గర మా అబ్బాయి ఒకడు అలవాటుగా చెప్పులు విప్పి పక్కన పెట్టబోతే, కాపలా మనిషి నవ్వి వద్దని సైగ చేశాడు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలన్న నియమం మాత్రం ఇక్కడ గట్టిగా పాటిస్తారు. చున్నీలు తెచ్చుకున్న అమ్మాయిలు తోటివారిని కూడా గట్టెక్కించారు. పై చర్చిలో ఫ్రాన్సిస్ జీవితాన్ని చెప్పే 28 చిత్రాలున్నాయి. వాటిని ఇటలీ చిత్రకారుడు జొట్టోయే వేశాడా అన్న వాదం ఇంకా తేలలేదు, అయినా పక్షులకు ఉపదేశం చేస్తున్న ఆ సన్యాసి ముందు వాదం గుర్తుకు రాదు. 1997 సెప్టెంబరు 26న వచ్చిన భూకంపంలో ఈ కప్పులో కొంత భాగం కూలి నలుగురు చనిపోయారు, జొట్టో కన్నా ముందు తరం చిత్రకారుడు చిమాబూయె వేసిన చిత్రం పొడిపొడి అయింది. రాలిన ముక్కలను ఏరి, వేల సంఖ్యలో విడదీసి, మళ్లీ అతికించారు. తల ఎత్తి చూస్తే బొమ్మ మధ్యలో ఖాళీలు ఖాళీలుగానే కనిపిస్తాయి. లేనిదాన్ని కల్పించి పూరించలేదు. మన గుళ్లలో పాత చిత్రాల మీద సున్నం కొట్టడమో, కొత్త ఎనామిల్ రంగులు పులమడమో చూసి చూసి ఉన్న మా పిల్లలు దీని గురించి బస్సులో రెండు గంటలు వాదించుకున్నారు. అస్సీసీకి ఇచ్చిన మూడు గంటలు సరిపోయాయి. షెడ్యూలులో సరిగ్గా కుదిరిన రోజు ఇదొక్కటే.

ఫ్లోరెన్స్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ మేము చూసింది కూడా క్లుప్తమే. అకాదెమియాలో మైఖెలాంజెలో చెక్కిన ‘డేవిడ్’ దగ్గర 35 నిమిషాలు, ఉఫీజీలో గంటన్నర, తోలు సంచుల దుకాణంలో 50 నిమిషాలు. ఈ అంకెలు నా డైరీలోవి. 5.17 మీటర్ల ‘డేవిడ్’ కంటే, అక్కడికి వెళ్లే దారికి ఇరువైపులా రాతిలోంచి సగమే బయటికి వచ్చి ఆగిపోయిన ‘బందీలు’ శిల్ప విద్యార్థులకు ఎక్కువ అవసరం. ఉలి దెబ్బలు ఏ కోణంలో పడ్డాయో వాటి మీద ఇప్పటికీ చదవవచ్చు. వాటి దగ్గర కూర్చుని గీసుకోవాలనుకున్న నలుగురిని నేనే చెయ్యి పట్టుకుని లాక్కురావలసి వచ్చింది. ఫ్లోరెన్స్ ప్రధాన చర్చి మీద బ్రూనెల్లెస్కీ కట్టిన గుమ్మటం ఎక్కాలంటే 463 మెట్లు, ముందే వేళ నిర్ణయించిన టికెట్. ప్యాకేజీలో అది లేదు.

పాదువాలోని స్క్రోవేన్యీ చాపెల్‌లో మాకు దొరికింది పదిహేను నిమిషాలే, అయినా ఆ పదిహేను నిమిషాల మీద నాకు ఫిర్యాదు లేదు. 1305 నాటికి జొట్టో పూర్తి చేసిన ఈ గోడల మీదికి జనం ఊపిరి తేమ చేరకుండా, ఒక్కసారికి 25 మందినే అనుమతిస్తారు. ముందు ఒక గాజు గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, లోపలి గాలిని సర్దుబాటు చేశాకే తలుపు తెరుస్తారు. ఆ కూర్చోబెట్టడంలోనే ఒక మహిమ ఉంది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి, మాటలు తగ్గాయి, గర్భగుడి తెర తీసే ముందు నిలబడ్డట్టు అందరూ తలుపు వైపే చూశారు. లోపల ఒక విద్యార్థి మరియమ్మ పై వస్త్రాన్ని చూపించి, ‘నీలం ఒక్కటే రాలిపోయింది, మిగతా రంగులన్నీ ఉన్నాయి, ఎందుకు మేడమ్?’ అని అడిగాడు. తడి సున్నపు పూతలో కలిసిన రంగు గోడతో పాటే రాయి అవుతుంది. అజురైట్ అనే ఖనిజం నుండి తీసిన నీలాన్ని మాత్రం పూత ఆరిన తరువాత జిగురుతో అద్దారు, అందుకే ఏడు వందల ఏళ్లలో అదే ముందు రాలింది. తరగతిలో రెండు పీరియడ్లు పట్టే పాఠం అక్కడ రెండు వాక్యాల్లో అయిపోయింది. మా బృందాన్ని రెండు జట్లుగా విడగొట్టి రెండు వేళలకు టికెట్లు తీసుకున్నందుకు సంస్థను మెచ్చుకోవాలి. ఒక జట్టు లోపల ఉన్నప్పుడు రెండో జట్టు పక్కనే ఉన్న ఎరెమితానీ చర్చి చూసింది. 1944 బాంబు దాడిలో అక్కడ చిత్రకారుడు మాంతేన్యా వేసిన కుడ్యచిత్రాలు తునాతునకలయ్యాయి. పాత నలుపు తెలుపు ఫొటోలతో కంప్యూటర్ సాయంతో పోల్చి, దొరికిన ముక్కలను వాటి వాటి చోట్ల అతికించారు. అస్సీసీలో మొదలైన వాదం అక్కడ మళ్లీ రాజుకుంది.

పాదువాలో చూపిన శ్రద్ధ వెనిస్‌లో లేదు. ఆ నగరంలో 2024 నుండి ఒక గైడు వెంట 25 మందికి మించి ఉండకూడదు, లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 45 మందికి కలిపి ఒక్క గైడును మాట్లాడారు. ఫలితంగా సగం మంది సాన్ మార్కో బసిలికాలో 8,000 చదరపు మీటర్లకు పైగా పరుచుకున్న బంగారు మొజాయిక్‌ల కింద గైడు మాట వింటూ నడిస్తే, మిగతా సగం చౌకులో పావురాలను లెక్కపెడుతూ నిలబడి, తరువాత ఏ వివరణా లేకుండా లోపలికి వెళ్లి వచ్చారు. మా టూర్ మేనేజరు సాయం చేయబోయాడు కాని, ఇటలీలో లైసెన్సు ఉన్న గైడు తప్ప వేరెవరూ అలాంటి చోట్ల వివరణ చెప్పడానికి వీల్లేదు. అదే రోజు మురానో ద్వీపంలో గాజు ఊదే ప్రదర్శనకు, దాని వెనకే ఉన్న దుకాణానికి మాత్రం రెండు గంటలు తీరికగా దొరికాయి. ఊదే పనివాడి నేర్పు అబ్బురమే, కాదనను; గుర్రం బొమ్మ అరనిమిషంలో తయారైంది. మిగిలిన గంటా యాభై నిమిషాలు దుకాణంలోనే.

భోజనం విషయంలో నాది కొంచెం వేరు అభిప్రాయం. రోజూ రాత్రి భారతీయ భోజనం పెట్టారు; పప్పు, అన్నం, పెరుగు, రుచికి లోటు లేదు. తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఇదే కాబట్టి సంస్థ దీని మీదే శ్రద్ధ పెట్టింది. కాని పెద్ద బస్సులను పాత నగరాల నడిబొడ్డుకు రానివ్వరు. హోటలు ఒక మూల, భోజనశాల మరో మూల. ప్రతి సాయంత్రం గంటన్నర బస్సులోనే పోయింది. ఒక రాత్రి నేను మొండికేసి, పదిహేను మందితో కలిసి చర్చి మెట్ల మీద కూర్చుని తూకం వేసి అమ్మే పిజ్జా ముక్కలు తిన్నాను. కారప్పొడి డబ్బా ఎవరి సంచిలోంచో బయటికి వచ్చింది. ఆ సాయంత్రం గీసిన స్కెచ్చులే యాత్రలోకెల్లా మంచివి. ఏడు రాత్రుల్లో మూడు భారతీయ భోజనాలు చాలు.

కళా విద్యార్థులకు ఈ ప్యాకేజీని సిఫారసు చేస్తానా అంటే, ఉన్నది ఉన్నట్టుగా చేయను. షెడ్యూలును మీరే దిద్దగలిగితే చేస్తాను. సంతకం పెట్టే ముందు ఏ రోజు ఏ వారమో, ఏది ఎప్పుడు మూసి ఉంటుందో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. ఉఫీజీ, అకాదెమియా రెండూ సోమవారం మూత. తిరిగి వచ్చాక మేము సంస్థకు లేఖ రాశాం. బుధవారం వాటికన్ వద్దని, వెనిస్‌లో రెండో గైడు కావాలని, తోలు దుకాణం, మురానో తీసేసి ఆ మూడు గంటలు ఫ్లోరెన్స్‌కు ఇవ్వాలని కోరాం. మొదటి రెండిటికీ వెంటనే ఒప్పుకున్నారు. దుకాణాలు తీసేస్తే మాత్రం తలకు ఎనిమిది వేలు పెరుగుతుందని జవాబు వచ్చింది.