ఎనిమిది పంటలు వాడిన ఈసీ పెన్ను

నాది రొయ్యల చెరువు. నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచి ఉప్పు అంచనా చెప్పే ఈ ఈసీ పెన్ను నాలుగేళ్ళుగా నా చొక్కా జేబులోనే ఉంటోంది. ధర, బ్యాటరీ సంగతులు అందరికీ తెలిసినవే. నీళ్ళలో ఉప్పు ఎంతుందో క్షణంలో చెప్పడం మాత్రం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

కొన్న రోజే పదో తరగతి చదివే మా అమ్మాయి దీన్ని లాక్కుంది. ఎండబెట్టిన ఉప్పులో గుచ్చితే సున్నా. టిన్ను నీళ్ళలో ముంచితే దాదాపు సున్నా. ఆ నీళ్ళలోనే చిటికెడు ఉప్పు కలిపితే అంకెలు పరుగెత్తాయి. వేరే గ్లాసులో చెంచాడు యూరియా కలిపితే కదలలేదు, పొటాష్ (పొటాషియం ఉండే ఉప్పు ఎరువు) కలిపితే మళ్ళీ పరుగు. "యూరియా కూడా కరిగింది కదా నాన్నా?" అంది. కరిగింది కానీ అయాన్లుగా విడిపోలేదు. ఉప్పు గడ్డలో సోడియం, క్లోరైడ్ అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. నీటి అణువులు చుట్టుముట్టి విడదీస్తే అవి తిరుగుతూ కరెంటు మోస్తాయి. యూరియా అణువుకు అయాన్లకున్న విద్యుదావేశమే లేదు.

అప్పట్లో ఇది ఉంటే ల్యాబ్ అక్కర్లేదని టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పేవాణ్ణి.

కిందటేడు వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేశాక ఎకరం చెరువుకు పూర్తిగా బోరు నీళ్ళే పెట్టాను. పెన్ను 6.4 మిల్లీసీమెన్స్ (నీళ్ళలో కరెంటు పారే కొలత) చూపింది, ముందు పంటలోనూ అంతే. ధైర్యంగా ఉన్నాను. నలభయ్యో రోజు మధ్యాహ్నం వల విసిరితే వనామీ రొయ్యలు విల్లులా వంగిపోయి ఉన్నాయి. తోక కండ తెల్లబడింది, వేలితో సాగదీసినా నిటారు కాలేదు. గట్టు మీద నిలబడి పెన్ను మళ్ళీ ముంచాను. 6.4. భీమవరంలో నీళ్ళు టెస్టు చేయిస్తే పొటాషియం బాగా తక్కువ, రొయ్యలు వంగింది అందుకే అన్నారు. సముద్రపు నీటిలో సుమారు 28 పాళ్ళ సోడియానికి ఒక పాలు పొటాషియం ఉంటుంది. మా బోరులో ఆ లెక్క లేదు. రెండు అయాన్లకీ ఒకే ప్లస్ ఆవేశం. కరెంటు మోసేది ఏదో పెన్ను చెప్పలేదు.

రెండు బస్తాల పొటాష్, అంటే వంద కిలోలు, నానబెట్టి చెరువంతా చల్లించాం. మర్నాడు పెన్ను చూస్తే అదే 6.4. మొదట బెంగపడ్డాను, తర్వాత లెక్క కట్టాను. నాలుగడుగుల నీటిలో వంద కిలోలు లీటరుకు ఇరవై మిల్లీగ్రాముల చిల్లరే. దాంతో పెరిగేది 0.04 మిల్లీసీమెన్స్. నా పెన్నులో చుక్క తర్వాత ఒక అంకే ఉంది, ఎక్కడ కనపడుతుంది? కానీ లీటరుకు పది మిల్లీగ్రాముల పొటాషియం వచ్చిందంటే రొయ్యకు అది చిన్న విషయం కాదు. వారం రోజుల్లో వంగడం తగ్గింది. పోయినవి పోయాయి.

ఇప్పటికీ రోజూ ఉదయం పెన్ను ముంచుతాను. వాన పడ్డాక ఎంత పలచబడిందో, బోరు నీరు ఎంత కలిసిందో దీనంత తొందరగా చెప్పేది లేదు. పొటాషియం, మెగ్నీషియం కోసం మాత్రం పదిహేను రోజులకోసారి ల్యాబ్‌కి వెళ్తున్నాను. బోరు మీద ఆధారపడేవాళ్ళు ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకుని కొనండి. మా బావగారి చెరువు ఉప్పుటేరు (సముద్రపు పోటు నీళ్ళు వచ్చే ఏరు) వార. అక్కడ అయాన్ల పాళ్ళు సముద్రానికి దగ్గరగా ఉంటాయి కనుక ఆయనకు ఈ అంకె చాలావరకు సరిపోతోంది. కాకపోతే సముద్రపు నీరు 50 మిల్లీసీమెన్స్ దాకా ఉంటుంది, నాది 20 దాటి చూపదు. ఆయన పెద్ద రేంజి ఉన్నదే తీసుకున్నారు.