టైడా గెడ్డ ఒడ్డున అబ్బాట్స్ బాబ్లర్

దీపావళి వెళ్లిన వారం అరకు దారిలోని అనంతగిరి కొండల్లో మూడు ఉదయాలు గడిపాను. వెతుక్కుంటూ వెళ్లింది ఒక్క పిట్టనే, అబ్బాట్స్ బాబ్లర్‌ని. పిచ్చుక కంటే కాస్త పెద్దది, గోధుమ రంగుది. హిమాలయాల తూర్పు పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా కనిపించే ఈ పక్షి, వాటికి ఎంతో దూరంగా మన తూర్పు కనుమల్లోనూ ఉంది. ఇక్కడి పిట్టలను 1985లో రిప్లీ, బీలర్ అనే శాస్త్రవేత్తలు ప్రత్యేక ఉపజాతిగా గుర్తించి, విశాఖపట్నం పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి పేరు మీద 'కృష్ణరాజుయి' అని నామకరణం చేశారు. మన కొండల్ని కాలినడకన శోధించిన మనిషి పేరు ఒక పాటల పిట్టకు ఉందని తెలిసిన రోజు నుంచి దాన్ని చూడాలని నా కోరిక.

విశాఖ నుంచి పొద్దున ఏడు లోపే బయలుదేరి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు ప్రయాణం ఎంతో అందంగా ఉంటుంది. సొరంగాలు, లోయలు చూడాలనుకునేవారు తప్పక ఎక్కాలి. పక్షుల కోసం వెళ్లేవారికి మాత్రం అది పనికిరాదు. కొండెక్కేసరికి ఎండ ముదిరి అడవి మాటుమణుగుతుంది. నేను ముందురోజు మధ్యాహ్నమే అరకు బస్సెక్కి, శృంగవరపుకోట మీదుగా వెళ్లి టైడాలో దిగాను.

టైడాలో పర్యాటక శాఖ వారి చెక్క కుటీరాలు అడవిని ఆనుకునే ఉన్నాయి. గది మామూలుదే. వేడినీళ్లు బకెట్‌తో అడిగి తెచ్చుకోవాలి. అయినా మళ్లీ అక్కడే దిగుతాను, ఎందుకంటే తలుపు తీస్తే కాలిబాట, అది పట్టుకుని పది నిమిషాలు నడిస్తే గెడ్డ, అంటే కొండవాగు. మూడో రాత్రి అరకులో దిగిన ప్రైవేటు బసకు దాదాపు రెట్టింపు ఇచ్చాను. అర్ధరాత్రి దాకా పాటల పెట్టె మోగుతూనే ఉంది. తెల్లవారుజామున అయిదింటికి గేటు తీయమంటే తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఆ ఉదయం నాకు దక్కకుండా పోయింది. వలిసె పూలతో లోయంతా పసుపు పరుచుకునే కాలం కాబట్టి అరకులో జనం కిటకిటలాడారు. ఆ పూలను మధ్యాహ్నం ఒకసారి చూసి రావడం మేలు.

మొదటి ఉదయం నేనే తప్పు చేశాను. అనంతగిరి కాఫీ తోటల్లో మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద గంటల తరబడి తిరిగాను. పికిలిపిట్టలు, ఎన్నో రకాల ఆకుపిట్టలు కనిపించాయి గాని, ఈ పిట్టకు కావలసింది తోట కాదు, నీటి పక్కన నేలబారుగా అల్లుకున్న తుప్పలు. వానాకాలం వెళ్లిన కొత్తలో అవి మరీ దట్టంగా ఉంటాయి, చూపు రెండడుగులు కూడా పోదు.

రెండో ఉదయం టైడా ఊరి నుంచి ఒక పెద్దాయన తోడు వచ్చారు. పూటకు ఏడు వందలు ఇచ్చాను. ఈ ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చులన్నింటిలో అదే సార్థకం. ఆయన దగ్గర దుర్భిణి లేదు. గెడ్డ పక్కన ఒక బండ చూపించి కూర్చోమన్నారు. వెలుగు పూర్తిగా రాకముందే తుప్పల్లోంచి మూడు ఈలలు స్పష్టంగా, తీరుబడిగా వినిపించాయి. నేను లేవబోయాను.

"కదలకండి బాబూ. మీరు వెళితే అది వెళ్లిపోతుంది, కూర్చుంటే అదే వస్తుంది" అన్నారు.

అరగంటకు పైగా కూర్చున్నాం. ముందు వచ్చింది పఫ్-త్రోటెడ్ బాబ్లర్. తలమీద ఎర్రగోధుమ టోపీ, కంటి పైన తెల్లని గీత, రొమ్ము నిండా ముదురు చారలు. అందరూ పొరబడేది దీనితోనే. అది వెళ్లాక ఒక కుళ్లిన దుంగ కింద ఎండుటాకులు కదిలాయి. ఒక ఆకును ముక్కుతో పక్కకు తోసి పిట్ట బయటికొచ్చింది. రొమ్ము మీద ఒక్క చార కూడా లేదు. గొంతు బూడిద తెలుపు, ముక్కు ఒంటికి మించి మొద్దుగా ఉంది. తోక కురచ, ఆ తోక కింద మాత్రం చక్కని ఇటుక రంగు. చారల్లేని రొమ్ము, మొద్దు ముక్కు, ఇటుక రంగు, ఈ మూడూ కలిశాకే గుర్తింపు ఖాయం చేసుకున్నాను. దాని వెనకే జంట పిట్ట ఒకసారి పలికింది. రెండూ తుప్పలోకి జారుకున్నాయి.

చాలామంది ఫోనులో కూత రికార్డు మోగించి దీన్ని బయటికి రప్పిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తన చోటులోకి ఇంకొకటి చొరబడిందనుకుని అది మేత మానేసి కంగారుగా వెతుక్కుంటుంది.

వెళ్లేవారు నిండు చేతుల చొక్కా, దోమల మందు మరచిపోవద్దు. ఇది మలేరియా ఉన్న ప్రాంతం. టైడాలో పొద్దున్నే టిఫిను దొరకదు, ముందురోజే అరటిపళ్లు, రొట్టె కొని పెట్టుకోవాలి.

తిరిగి వస్తుంటే పెద్దాయన గెడ్డ దాటే చోట ఆగి, పెదాలు బిగించి అచ్చం ఆ మూడు ఈలలే వేసి చూపించారు. పిట్ట వినకూడదని, ఊరు దగ్గరికి వచ్చాకే.