ఉన్న పీసీలో మ్యాక్‌ఓఎస్ ఎక్కించాలా, మ్యాక్ మినీ కొనాలా: ఏది మేలు?

ఇంట్లో ఐ5 10400 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 580 కార్డు, 16 జీబీ ర్యామ్‌తో అసెంబుల్డ్ పీసీ ఉంది. విండోస్ బాగానే నడుస్తోంది. కానీ పెళ్లి వీడియోలు ఆపిల్ వాళ్ల ఫైనల్ కట్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేయాలనో, ఐఫోన్ యాప్‌లు రాయడం నేర్చుకోవాలనో మ్యాక్ అవసరం పడింది. దారులు మూడు. ఇదే పీసీలో ఆపిల్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్‌ఓఎస్ ఎక్కించడం, అంటే హ్యాకింటాష్. లేదా ఆపిల్ వాళ్ల చిన్న డెస్క్‌టాప్ మ్యాక్ మినీ కొనడం. అదీ కాదంటే మ్యాక్ ఊసెత్తకుండా ఇదే పీసీలో లినక్స్ వేసుకోవడం.

ఐదారేళ్ల కిందట ఎవరైనా అడిగితే తడుముకోకుండా హ్యాకింటాష్ అనేవాణ్ణి. సికింద్రాబాద్ సీటీసీలో పార్టులు ఏరి తెచ్చుకుంటే, ఐమ్యాక్ ధరలో సగానికే అంతకంటే వేగమైన మెషీన్ వచ్చేది. ఇప్పుడు అలా అనను. పొట్టపోసుకునే పనికైతే మినీ. సరిపోయే బోర్డు, కార్డు ముందే చేతిలో ఉంటే సరదాకి హ్యాకింటాష్. హ్యాకింటాష్ కోసమే కొత్తగా పార్టులు కొనడం మాత్రం శుద్ధ దండగ.

కారణం ఆపిల్ ప్రాసెసర్ మార్చడమే. 2006లో మ్యాక్‌లు ఇంటెల్‌కి మారాయి కాబట్టే మామూలు పీసీలో మ్యాక్‌ఓఎస్ నడపడం సాధ్యమైంది. 2020 నవంబరులో ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చింది. 2023లో మ్యాక్ ప్రో కూడా మారిపోవడంతో ఆపిల్ షాపులో ఇంటెల్ మ్యాక్ అన్నదే లేకుండా పోయింది. 2025 జూన్‌లో ఆపిల్ తేల్చి చెప్పేసింది: ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ 26 టాహో ఆఖరుది. అదైనా నాలుగంటే నాలుగు ఇంటెల్ మోడళ్లకే. వాటిలో 2020 నాటి 27 అంగుళాల ఐమ్యాక్ ఒకటి. హ్యాకింటాష్ తాను ఫలానా మ్యాక్ మోడల్‌నని మ్యాక్‌ఓఎస్‌ను నమ్మించాలి; ఐ5 10400 లాంటి పదో తరం ఇంటెల్ పీసీ వేసుకునే వేషం సరిగ్గా ఆ ఐమ్యాక్‌దే. కాబట్టి మన 10400 పీసీ టాహో దాకా వస్తుంది, అక్కడితో సరి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకొన్నేళ్లు వస్తాయి గానీ కొత్త వెర్షన్ మాత్రం రాదు.

లైసెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆపిల్ ఒప్పందం ప్రకారం మ్యాక్‌ఓఎస్‌ను ఆపిల్ బ్రాండు కంప్యూటర్లలోనే వాడాలి. 2008లో సైస్టార్ అనే అమెరికన్ కంపెనీ మ్యాక్‌ఓఎస్ ఎక్కించిన పీసీలను అమ్మకానికి పెడితే ఆపిల్ కోర్టుకి లాగింది, మరుసటి ఏడాది గెలిచింది. ఇంట్లో నేర్చుకోవడానికి చేసుకున్నా ఒప్పందం ఒప్పందమే, అది తెలిసే దిగండి. స్టూడియోకో ఆఫీసుకో కట్టి అమ్మే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే మానుకోండి.

హ్యాకింటాష్: పార్టులే జాతకం

ఇందులో సగం పని పీసీ ఆన్ చేయకముందే తేలిపోతుంది. మొదట చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డు. ఎన్విడియా అయితే ఆశ వదులుకోండి. 2017లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ హై సియెరా తర్వాత ఆ కంపెనీ డ్రైవర్లు మ్యాక్‌కి రాలేదు. జీటీఎక్స్ 1060 లాంటివి అక్కడే ఆగిపోయాయి, ఆర్‌టీఎక్స్ కార్డులు ఏనాడూ పనిచేయలేదు. మన దగ్గర గేమింగ్ పీసీల్లో ఎక్కువగా కనిపించేవి అవే కాబట్టి చాలామంది కథ ఇక్కడే ముగుస్తుంది. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 580, ఆర్‌ఎక్స్ 6600 హాయిగా నడుస్తాయి. 6700 ఎక్స్‌టీకి ఆపిల్ డ్రైవర్ లేదు, 7000 సిరీస్‌కి అసలే లేదు. ఒకే ఏడాది, ఒకే బ్రాండు కార్డులు కదా అని కొనేస్తే చేతులు కాలేది అందుకే.

కార్డు లేకపోతే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద బతకాలి. ఎనిమిది నుంచి పదో తరం దాకా డెస్క్‌టాప్ ఇంటెల్ చిప్‌లలో ఉన్న యూహెచ్‌డీ 630 చక్కగా పనిచేస్తుంది. పదకొండో తరం నుంచి డెస్క్‌టాప్ చిప్‌లలోని గ్రాఫిక్స్‌కు డ్రైవర్ లేదు. పన్నెండో తరం ప్రాసెసర్‌ను పదో తరంగా నమ్మించి నడపొచ్చు గానీ ఏఎండీ కార్డు తప్పనిసరి. ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్ల మీద కూడా మ్యాక్‌ఓఎస్ కర్నెల్‌కి, అంటే దాని గుండె లాంటి భాగానికి, ప్యాచ్‌లు వేస్తే నడుస్తుంది. కాకపోతే ప్రోగ్రామర్లు వాడే డాకర్ లాంటి సాధనాలు పనిచేయవు, అంటే ప్రోగ్రామింగ్ కోసం మ్యాక్ కావాలనుకున్నవాడికి అసలు అవసరమే తీరదు.

ఎస్‌ఎస్‌డీ దగ్గర కూడా ఒక చూపు వేయాలి. ల్యాప్‌టాప్‌ల నుంచి తీసి చవగ్గా అమ్మే శాంసంగ్ పీఎం981 అనే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ మ్యాక్‌ఓఎస్‌తో పొసగదు. ఇన్‌స్టాల్ మధ్యలోనే కర్నెల్ పానిక్, అంటే సిస్టమ్ కుప్పకూలడం, ఇచ్చి మూల కూర్చుంటుంది.

ఇక ఎక్కించడం. పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్, బూట్ ఫైళ్లుండే దాని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్, కెక్స్‌ట్ అనే డ్రైవర్ ఫైళ్లు, వీటన్నిటినీ నడిపించే కాన్ఫిగ్ ఫైలు ఉండాలి. బయోస్‌లో సెక్యూర్ బూట్, ఫాస్ట్ బూట్, సీఎస్‌ఎం ఆపాలి. ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండాఫ్ ఆన్ చేయాలి. ఇతరుల ఈఎఫ్‌ఐ ఫోల్డర్ తెచ్చి పడేసుకుంటే పని తొందరగా అవుతుందనిపిస్తుంది. కానీ అది వాళ్ల బోర్డుకి, వాళ్ల బయోస్ వెర్షన్‌కి కొలతలు తీసి కుట్టిన చొక్కా. మనకు ఎక్కడ బిగుసుకుందో కనిపెట్టేసరికి కొత్తది రాసుకోవడమే సులువనిపిస్తుంది.

మొదటి బూట్‌లోనే డెస్క్‌టాప్ కనిపించడం అరుదు. అందుకే వెర్బోస్ మోడ్ ఆన్ చేసి ఉంచాలి. ఆపిల్ బొమ్మకు బదులు తెల్ల అక్షరాల వరుసలు జారుతుంటాయి. ఎక్కడ ఆగిందన్నదే మనకు దొరికే ఆచూకీ. ఎగ్జిట్‌బీఎస్ స్టార్ట్ అన్న లైను దగ్గర ఆగితే కర్నెల్‌కి పగ్గాలు అందే చోట గొడవ ఉందన్నమాట. బయోస్ సెట్టింగులూ, కాన్ఫిగ్‌లో క్విర్క్‌లు అనే మెమరీ సర్దుబాట్లూ ఒకదానితో ఒకటి కుదరడం లేదు. లైన్లన్నీ పరిగెత్తాక స్క్రీన్ నల్లగా అయిపోయి క్యాబినెట్ ఫ్యాన్లు మాత్రం తిరుగుతుంటే గొడవ గ్రాఫిక్స్‌ది. ఆర్‌ఎక్స్ 5000, 6000 కార్డులకు చాలాసార్లు పికేరా అన్న బూట్ ఆర్గ్యుమెంట్ ఒక్కటి చేరిస్తే బొమ్మ వచ్చేస్తుంది.

అన్నిటికంటే తికమకపెట్టేది ‘స్టిల్ వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్’. ఇంతసేపూ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అయింది కదా, ఇప్పుడు అది కనబడకపోవడమేమిటి? పెన్‌డ్రైవ్ పాడైందేమోనని కొత్తది కొనుక్కొచ్చేవాళ్లు ఉన్నారు. అసలు సంగతేమిటంటే, అప్పటిదాకా పెన్‌డ్రైవ్‌ను చదివింది బయోస్. కర్నెల్ లేచాక యూఎస్‌బీ కంట్రోలర్‌ను మ్యాక్‌ఓఎస్ తన చేతుల్లోకి తీసుకుంటుంది. ఒక్కో కంట్రోలర్‌కి 15 పోర్టుల వరకే అది లెక్కలోకి తీసుకుంటుంది. క్యాబినెట్ వెనక కనిపించే నీలం సాకెట్ ఒక్కటే అయినా లెక్కలో రెండు: యూఎస్‌బీ 2 కోసం ఒకటి, యూఎస్‌బీ 3 కోసం ఒకటి. బ్లూటూత్ ఒక పోర్టు తినేస్తుంది, బోర్డు మీద ఆర్‌జీబీ లైట్ల కంట్రోలర్ ఉంటే అదొకటి. మన పెన్‌డ్రైవ్ పెట్టిన పోర్టు పదహారోదైతే గల్లంతే.

అప్పటికి గట్టెక్కాలంటే పెన్‌డ్రైవ్‌ను నల్లటి యూఎస్‌బీ 2 సాకెట్‌కి మార్చి చూడాలి. శాశ్వతంగా కుదరాలంటే పోర్టుల మ్యాపింగ్ చేసుకోవాలి. విండోస్‌లో యూఎస్‌బీటూల్‌బాక్స్ తెరిచి, ఒక పాత యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్, ఒక యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని, ముందూ వెనకా ఉన్న ప్రతి సాకెట్‌లో రెండూ పెట్టి తీయాలి. ఏ నంబరు మారుతోందో చూసి, వాడేవి ఉంచి, వాడనివి కొట్టేయాలి. బ్లూటూత్‌ను ఇంటర్నల్ అని గుర్తు పెట్టాలి. విసుగు పుట్టించే పనే. కానీ ‘నా హ్యాకింటాష్ నిద్రపోతే లేవదు’, ‘స్లీప్ పెట్టగానే మళ్లీ ఆన్ అయిపోతోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

ఇన్ని పడ్డాక మెషీన్ బాగానే నడుస్తుంది. అసలు ఖర్చు అప్‌డేట్ వచ్చిన రోజు తెలుస్తుంది. పాత మ్యాక్‌ల బ్రాడ్‌కామ్ వైఫై కార్డులు హ్యాకింటాష్‌లలో రాజాలా వెలిగాయి, 2023లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సోనోమా వాటి డ్రైవర్లు తీసేసింది. మళ్లీ పనిచేయించాలంటే సిస్టమ్ రక్షణలు సడలించి ప్యాచ్ వేయాలి, ప్రతి అప్‌డేట్ తర్వాతా వేస్తూనే ఉండాలి. టాహో వచ్చేసరికి పాత ఆడియో డ్రైవర్ పోయింది. దాంతో బోర్డు మీది 3.5 ఎంఎం జాక్‌లు మూగబోయాయి. చవకైన యూఎస్‌బీ సౌండ్ డాంగిల్ పెట్టుకోవడమే తేలిక. ఇంటెల్ మ్యాక్‌ల కోసం ఆపిల్ దాచి ఉంచిన సామాన్లు ఒక్కొక్కటే బయటికి వెళ్తున్నాయి, అందులో మనకేం కావాలో వాళ్లకు అనవసరం.

మ్యాక్ మినీ: జేబుకి ఒక్కసారే చిల్లు

ఎం4 మినీ 2024 నవంబరులో వచ్చినప్పుడు ధర 59,900 రూపాయలు, విద్యార్థులకు 49,900. 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజి. 12.7 సెంటీమీటర్ల చదరం, స్వీట్ల డబ్బా కంటే చిన్నది. ఫైనల్ కట్‌లో మాస్క్ తనంతట తాను మనిషి వెంట పోయే మ్యాగ్నెటిక్ మాస్క్, మాటల్ని క్యాప్షన్లుగా మార్చే సదుపాయం ఆపిల్ చిప్‌లకే ఉన్నాయి. హ్యాకింటాష్‌లో ఎంత పెద్ద కార్డు పెట్టినా అవి రావు. ఎడిటర్‌కి ఈ ఒక్క కారణం చాలు.

ఇందులో చిరాకులు లేవని కాదు. ర్యామ్ తర్వాత పెంచుకోలేం. వచ్చిన కొత్తలో, కొనేటప్పుడే 512 జీబీ స్టోరేజి కావాలంటే ఇంకో 20,000, ర్యామ్ 24 జీబీ చేయాలంటే మరో 20,000 అడిగారు. ఆ డబ్బుతో బయట ఎంత ఎస్‌ఎస్‌డీ వస్తుందో తెలిసినవాడికి కడుపు మండుతుంది. నా సలహా, 256 తీసుకుని ఫుటేజీ అంతా బయటి ఎస్‌ఎస్‌డీలో పెట్టుకోండి, వెనకాల మూడు థండర్‌బోల్ట్ పోర్టులు ఉన్నది అందుకే. మామూలు యూఎస్‌బీ ఏ పోర్టు ఒక్కటీ లేదు. పాత కార్డ్ రీడర్, ప్లగిన్ డాంగిల్, కీబోర్డు ఉన్నవాళ్లు హబ్ ఖర్చు కూడా కలుపుకోండి. పవర్ బటన్ అడుగున పెట్టిన మహానుభావుడెవరో గానీ, దానికీ అలవాటు పడతారు.

సెకండ్ హ్యాండ్‌లో ఎం1 మినీ చూడొచ్చు, టాహో దానికీ వస్తుంది. నేర్చుకోవడానికి 8 జీబీ సరిపోతుంది, 4కే ఎడిటింగ్‌కి ఇరుకు. డబ్బు ఇచ్చేముందు అమ్మేవాళ్ల ఎదుటే రీసెట్ చేయించి, పాత యజమాని ఖాతాతో మెషీన్‌ను కట్టేసే యాక్టివేషన్ లాక్ లేదని కళ్లారా చూసుకోండి. 2018 ఇంటెల్ మినీ చవగ్గా కనిపిస్తే టెంప్ట్ అవకండి. దానికి టాహోనే రాలేదు. అంటే మీ పాత పీసీకి దక్కేది కూడా ఆ అసలైన మ్యాక్‌కి దక్కదన్నమాట.

లినక్స్

మ్యాక్ సాఫ్ట్‌వేరే కావాలన్న పట్టు లేనివాళ్లకు ఇదే మంచి దారి, ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లకైతే మరీ. 3డీ పనికి బ్లెండర్, వీడియో ఎడిటింగ్‌కి కేడెన్‌లైవ్ బాగా నడుస్తాయి. ఎడిటింగ్‌కే డావిన్చీ రిజాల్వ్ కూడా ఉంది. కానీ లినక్స్‌లో దాని ఉచిత వెర్షన్ హెచ్.264, హెచ్.265 ఫైళ్లు తీసుకోదు. మన కెమెరాలు, ఫోన్లు ఇచ్చేవి ఎక్కువగా అవే కాబట్టి ముందు వాటిని మార్చుకోవాలి. అదే రిజాల్వ్ విండోస్‌లో ఈ పేచీ పెట్టదు. లినక్స్ లోపల వర్చువల్ మెషీన్‌గా మ్యాక్‌ఓఎస్ నడిపేవాళ్లూ ఉన్నారు. సరిపడే కార్డును దానికి నేరుగా అప్పగించకపోతే కిటికీ జరపడానికే ఈడుస్తుంది, ఎడిటింగ్ మాట దేవుడెరుగు. పైగా లైసెన్సు చిక్కు అక్కడా ఉంటుంది.

మరి ఎవరికి ఏది?

పెళ్లిళ్ల ఎడిటర్‌కి మినీ, రెండో మాట లేదు. పాత పీసీ అమ్మకండి. ఆల్బమ్ డిజైన్లకు, శుభలేఖలకు తెలుగు టైపింగ్ కోసం ‘అను స్క్రిప్ట్ మేనేజర్’ వాడే చోట విండోస్ ఎలాగూ ఉండాల్సిందే.

ఐఫోన్ యాప్‌లు నేర్చుకునేవాళ్ల విషయం కాస్త వేరు. స్విఫ్ట్ భాష పట్టుబడిందాకా హ్యాకింటాష్ పనికొస్తుంది. యాప్ స్టోర్‌కి పంపే దశలో గడియారం మొదలవుతుంది. యాప్‌లు కట్టే ఆపిల్ సాధనం పేరు ఎక్స్‌కోడ్. 2025 ఏప్రిల్‌లో, కనీసం ఎక్స్‌కోడ్ 16తో కట్టిన యాప్‌లే తీసుకుంటామని ఆపిల్ నిబంధన పెట్టింది. ఆ ఎక్స్‌కోడ్‌కి కనీసం సోనోమా 14.5 కావాల్సి వచ్చింది. ఈ మెట్టు పెరుగుతూనే ఉంటుంది, టాహో దాటిన రోజున మన పీసీ కింద మెట్టు మీదే మిగిలిపోతుంది. ఉద్యోగం కోసం నేర్చుకుంటున్నవాళ్లు విద్యార్థి ధరకే మినీ తీసుకోవడం మంచిది.

ఇక కంప్యూటర్ బూట్ ఎలా అవుతుందో లోపలికి దిగి చూడాలన్న కుతూహలం ఉండి, సరిపడే పీసీ ఉన్నవాళ్లకు హ్యాకింటాష్ లాంటి బడి ఇంకోటి లేదు. వేరే ఎస్‌ఎస్‌డీ మీద ఎక్కించండి. ఇన్‌స్టాల్ అయ్యేదాకా విండోస్ ఉన్న డ్రైవ్ కేబుల్ పీకి పక్కన పెట్టండి. పనిచేసిన ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌ను ఎప్పటికప్పుడు ఒక ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. కాన్ఫిగ్ మార్చాక బూట్ కాకపోతే ఆ పెన్‌డ్రైవ్ నుంచే లేపి సరిచేసుకోవచ్చు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి, ముందు ఓపెన్‌కోర్, కెక్స్‌ట్‌లు కొత్తవి చేసుకున్నాకే మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్ జోలికి వెళ్లండి.