జాగ్రత్త: "టెస్ట్ చేసిన" పాత సర్వర్లు, స్విచ్, కేబుల్ సెట్‌గా కొంటున్నారా? డబ్బు కట్టే ముందు చదవండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు రొయ్యల ప్లాంట్లకూ, మేత కంపెనీలకూ, కాలేజీ ల్యాబులకూ సెకండ్ హ్యాండ్ సర్వర్లు కొనేవాళ్లు బాగా పెరిగారు. నేనూ ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సిస్టమ్స్ చూసుకుంటాను. ఈమధ్య మేము పాత ర్యాక్ సర్వర్లు, ఒక మేనేజ్డ్ స్విచ్ (మెషీన్లని నెట్‌వర్క్‌లో కలిపే, సెట్టింగులు మార్చుకోగల పెట్టె), క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ బాక్సులు, అన్నీ ఒకే వ్యాపారి దగ్గర సెట్‌గా తీసుకున్నాం. పేరు రాయను. ఆయన దగ్గరే కొనాలనేం లేదు, ఇలాంటి సరుకు ఎక్కడైనా తగలొచ్చు.

"ఆయ్, అన్నీ టెస్ట్ చేసే ఇస్తామండి" అన్నాడు. టెస్ట్ అంటే కరెంటు ఇస్తే ఫ్యాన్లు తిరగడం, స్క్రీన్ మీద కంపెనీ లోగో రావడం. అంతకు మించి ఏమీ చూడలేదని తర్వాత తెలిసింది.

మేము ఒక్కో సర్వర్‌కీ పెన్‌డ్రైవ్ పెట్టి కూర్చోం. అన్నిటినీ నెట్‌వర్క్ నుంచి బూట్ చేసి (దీన్నే పీఎక్స్ఈ అంటారు), ప్రీసీడ్ ఫైలుతో, అంటే ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకి జవాబులు ముందే రాసిపెట్టిన ఫైలుతో, డెబియన్ లైనక్స్ దానంతట అదే ఎక్కేలా పెట్టుకుంటాం. ఈ పద్ధతిలో ఎక్కడ ఆగినా అమ్మినవాడికి ఒకటే జవాబు దొరుకుతుంది: "సర్, మీ స్క్రిప్టులో ఏదో తప్పుందండి." చెప్పేది వినడానికి నిజంలాగే ఉంటుంది. అందుకే ఏ దశలో ఆగిందో, అది ఎవరి వస్తువు వల్లో విడదీసి చూపించగలగాలి.

మొదటి దెబ్బ స్విచ్. సర్వర్ ఆన్ చేస్తే స్క్రీన్ మీద పీఎక్స్ఈ-ఈ51 అన్న ఎర్రర్, అంటే ఐపీ (నెట్‌వర్క్ అడ్రసు) ఇస్తానని ఎవరూ పలకలేదు. డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వీసు) నడుస్తున్న మెషీన్‌లో, వచ్చేపోయే డేటా చూపించే టీసీపీడంప్‌తో డీహెచ్‌సీపీ వాడే 67, 68 పోర్టులు చూస్తే సర్వర్ అసలు ఐపీ అడిగిన జాడే లేదు. స్విచ్ పక్కనపెట్టి, మా దగ్గరున్న పాత ప్యాచ్ కార్డుతో (చిన్న నెట్‌వర్క్ కేబుల్) ఆ సర్వర్‌ని డీహెచ్‌సీపీ మెషీన్‌కి నేరుగా కలిపితే వెంటనే ఐపీ వచ్చింది. అంటే దోషం మధ్యలో ఉంది. స్విచ్ పాస్‌వర్డ్ అడిగితే వ్యాపారికే తెలియదు! కన్సోల్ కేబుల్ పెట్టి పాస్‌వర్డ్ రికవరీ చేసి లోపల చూస్తే, పాత ఓనర్ సెట్టింగులు అలాగే ఉన్నాయి. సగం పోర్టులు వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్‌లో విడదీసిన వేరే నెట్‌వర్క్), డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్‌లో. ఆ స్నూపింగ్ ఉంటే, నమ్మకమైనదని గుర్తుపెట్టిన పోర్టు నుంచి తప్ప ఐపీ ఇచ్చే జవాబు రానివ్వదు. ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేయకుండా అమ్మేశారన్నమాట.

రీసెట్ చేశాక పీఎక్స్ఈ దాటింది, ఇన్‌స్టాలర్‌లో ఆగింది. ఇది వ్యాపారి ఖాతాలో వేయకూడదు, న్యాయంగా చెప్పాలి. స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో డేటా గుండ్రంగా తిరగకుండా స్విచ్ చేసుకునే ఏర్పాటు) పాత పద్ధతిలో ఉంటే, కనెక్షన్ కలిశాక ఒక్కో పోర్టు వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు తీసుకుంటుంది. పీఎక్స్ఈ 4, 8, 16, 32 సెకన్ల చొప్పున మళ్లీ మళ్లీ అడుగుతుంది కాబట్టి గట్టెక్కుతుంది. లైనక్స్ కెర్నల్ వచ్చి నెట్‌వర్క్ కార్డుని మళ్లీ లేపగానే ఆ 30 సెకన్లు మొదటికొస్తాయి, ఈలోపు ఇన్‌స్టాలర్ ఓపిక అయిపోతుంది. సర్వర్ల పోర్టులకి పోర్ట్‌ఫాస్ట్ (ఆ 30 సెకన్లు ఆగకుండా చేసే సెట్టింగు) పెట్టండి, లేదా ప్రీసీడ్‌లో డీహెచ్‌సీపీ కోసం ఆగే సమయం 60 సెకన్లు చేయండి. అలాగే పీఎక్స్ఈ-ఈ53, అంటే బూట్ ఫైలు పేరు అందలేదన్న ఎర్రర్ వస్తే ముందు ఇంటర్నెట్ ఫైబర్ బాక్సుని అనుమానించండి. అది కూడా ఐపీలు పంచుతుంటుంది, కానీ బూట్ ఫైలు పేరు చెప్పదు.

రెండోది నెట్‌వర్క్ కార్డు. క్వొటేషన్‌లో ఇంటెల్ అని రాశారు, రెండు సర్వర్లలో వచ్చింది పాత బ్రాడ్‌కామ్. కార్డులోనే ఉండే బూట్ ప్రోగ్రామ్ (బూట్ రోమ్) వల్ల పీఎక్స్ఈ చక్కగా నడుస్తుంది. లైనక్స్ డ్రైవర్‌కి మాత్రం విడిగా ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) కావాలి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి సీడీ ఇమేజుల్లో అది కలిపే ఇస్తున్నారు కానీ, నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే నెట్‌బూట్ ఫైలుకి మనమే అతికించుకోవాలి. అతికిస్తే పనైపోయింది. చెప్పిన కార్డు ఒకటి, పెట్టిన కార్డు ఒకటి అన్నదే నా బాధ.

అసలు టెన్షన్ పెట్టింది కేబుల్. కొన్ని సర్వర్లు పూర్తిగా ఎక్కేవి, కొన్నేమో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దింపుకునేటప్పుడు మధ్యలో నిలిచిపోయేవి, ఇంకోసారి అవే బాగా ఎక్కేవి. ఇలా రోజుకో రకంగా ఉంటే ఎవరికైనా స్క్రిప్టు మీదకే అనుమానం పోతుంది. నెట్‌వర్క్ కార్డు వేగం, తప్పులు చూపించే ఈథ్‌టూల్‌తో చూస్తే గిగాబిట్ రావాల్సిన చోట 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది, సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా చెడిపోయిందన్న లెక్క) పెరుగుతూ పోతున్నాయి. 100కి రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ సరిగ్గా ఉండాలి. పైగా బూట్ ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీ మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న మాట వచ్చాకే ఇంకో ముక్క పంపుతుంది. మధ్యలో ముక్కలు పోతుంటే ఎడ్ల బండి గోతిలో పడ్డట్టే.

కేబుల్ చివర చాకుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం తీగకి రాగి పూత వేశారని అర్థం. క్యాట్6 ప్రమాణానికి రాగి తీగే ఉండాలి. బాక్సు మీద క్యాట్6 అని పెద్దక్షరాలతో ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, ధర తక్కువ. ఎనిమిది లైట్లు వెలిగే చవక టెస్టర్‌లో పాస్ అయిపోతుంది, ఎందుకంటే అది తీగ తెగిందా లేదా మాత్రమే చూస్తుంది. మన డెల్టాలో, అందులోనూ ఐసూ ఉప్పునీళ్లూ ఉండే ప్లాంట్లలో, క్రింప్ చేసిన చోట అల్యూమినియం తుప్పు పట్టడానికి పెద్ద సమయం పట్టదు.

ఇవన్నీ ఫొటోలతో సహా పంపితే వ్యాపారి కేబుల్ మాత్రం మార్చాడు, అదీ "పండగ అయ్యాక చూద్దామండి" అని సంక్రాంతి దాటించి. కార్డుల తేడా డబ్బు అడిగితే "టెస్టింగ్ వారంటీ అయిపోయిందండి" అన్నాడు.

కొనేవాళ్లు క్వొటేషన్‌లో కార్డు మోడల్, "పూర్తి రాగి కేబుల్", "స్విచ్ రీసెట్ చేసి పాస్‌వర్డ్‌తో ఇవ్వాలి" అని రాయించుకోండి. షాపులోనే మీ ల్యాప్‌టాప్‌ని బూట్ సర్వర్‌గా పెట్టి, వాళ్ల స్విచ్, వాళ్ల కేబుల్ మీదుగా ఒక్క సర్వర్‌కైనా ఇన్‌స్టాల్ చివరిదాకా నడిపించండి. వద్దన్నారంటే లేచి వచ్చేయండి. జీఎస్‌టీ బిల్లు తప్పనిసరి. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది కానీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారుల కిందకి రారు. సొంతంగా బతుకుతెరువు కోసం కొన్నవాళ్లకే మినహాయింపు. అంటే కంపెనీ పేరు మీద కొన్న మాలాంటి వాళ్లకి ఆ దారి దాదాపు మూసుకున్నట్టే, చేతిలో ఉండేది ఆ క్వొటేషన్ కాగితమే.