కారు ఛార్జింగుకు ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గా, వాల్‌బాక్సా: ఏది మేలు?

ఎలక్ట్రిక్ కారు బుక్ చేయడానికి వెళ్లినవాళ్లు ముందు రేంజి (ఒక్క ఛార్జికి ఎంత దూరం పోతుందో) అడుగుతారు, ఆ తర్వాత ఛార్జర్ సంగతి అడుగుతారు. దానికి షోరూంలో దొరికే జవాబు దాదాపు ఒకటే: "7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ పెట్టించుకోండి సార్, మేమే వచ్చి బిగిస్తాం." బిగిస్తారు, నిజమే. కానీ గోడకు తగిలించే ఆ ఛార్జింగు పెట్టెకు తీగ ఎక్కణ్ణుంచి రావాలి, కరెంటు ఏ మీటరు మీద తిరగాలి, ఎర్తింగు ఉందా లేదా అన్నవి మాత్రం కారు డెలివరీకి వారం ముందు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు గుర్తొస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజుకు నలభై యాభై కిలోమీటర్లు తిరిగే ఇంటికి మంచి 15 ఆంపియర్ల పాయింటు చాలు. తీగ మాత్రం వాల్‌బాక్స్‌కు సరిపోయేదే ఇప్పుడే లాగించాలి.

లెక్క చూడండి. కారుతో వచ్చే పోర్టబుల్ ఛార్జర్ సుమారు 3.3 కిలోవాట్లు లాగుతుంది. వేడికి పోయేది పోగా గంటకు మూడు యూనిట్లు బ్యాటరీలో పడతాయి. రాత్రి పదికి పెట్టి పొద్దున ఆరుకు తీస్తే 24 యూనిట్లు. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లే వేసుకున్నా 168 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయొచ్చినా ఇంకా చాలా మిగులుతుంది. ఇదే పని 7.2 కిలోవాట్ల పెట్టె నాలుగు గంటల్లోపు ముగిస్తుంది. కారు ఎలాగూ తెల్లారేదాకా అక్కడే ఉంటుంది కాబట్టి, మిగిలిన నాలుగు గంటలతో మనకు పనేమీ లేదు.

అలాగని వాల్‌బాక్స్ దండగ అనను. ఇంట్లో రెండు కార్లున్నవాళ్లకు, క్యాబ్ నడిపేవాళ్లకు, అర్ధరాత్రి విజయవాడ నుంచి దిగి తెల్లారి మళ్లీ బయల్దేరేవాళ్లకు అదే దిక్కు. 45 యూనిట్ల టాటా నెక్సాన్ కారు బ్యాటరీని అడుగు నుంచి నింపాలంటే చిన్న ప్లగ్గుతో పదిహేను గంటలు పడుతుంది, పెద్దదానితో ఏడు గంటల చిల్లర. అయితే కొనేముందు ఒకటి కనుక్కోండి: ఏసీ కరెంటును డీసీగా మార్చే ఛార్జర్ నిజానికి కారు లోపలే ఉంటుంది. గోడకున్నది ఓ తెలివైన స్విచ్చు, అంతే. కారు లోపలిది 3.3 కిలోవాట్లదైతే గోడకు ఎంత పెద్ద పెట్టె తగిలించినా దానికి మించి తీసుకోదు.

11 కిలోవాట్ల త్రీ ఫేజ్ పెట్టె మూడో దారి. హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ లాంటి కొన్ని కార్లే దాన్ని పూర్తిగా వాడుకోగలవు. కారుకు ఆ శక్తి ఉండి, ఇంటికి త్రీ ఫేజ్ మీటరు ఉంటే మాత్రం ఇందులో ఓ సుఖం ఉంది. 7.2 కిలోవాట్లు మొత్తం 32 ఆంపియర్లూ ఒకే ఫేజు మీద పడతాయి. అదే ఫేజు మీద గీజరూ ఏసీ ఉంటే ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే ఆగే స్విచ్చు) పడిపోతూనే ఉంటుంది. 11 కిలోవాట్లయితే ఒక్కో ఫేజు మీద 16 ఆంపియర్లే.

ఇక 'మంచి పాయింటు' అంటే ఏమిటో చెప్పాలి. గీజరుకు వాడే ప్లగ్గే కదా అనుకుంటాం. గీజరు పావుగంట తిరిగి ఆగుతుంది. కారు ఎనిమిది గంటలు ఏకధాటిగా 14, 15 ఆంపియర్లు లాగుతుంది. మా ఇంట్లో మొదట వాడిన పాత సాకెట్ నెల తిరక్కుండానే పిన్నుల దగ్గర గోధుమరంగుకు తిరిగింది, చెయ్యి పెడితే చురుక్కుమంది. దాన్ని పీకేసి నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట అసలు తలపెట్టకండి.

తీగ విషయంలో పిసినారితనం పనికిరాదు. మీటరు నుంచి పార్కింగుకు 30 మీటర్లుందనుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 16 ఆంపియర్లకు ఏడు వోల్టుల దాకా దారిలోనే పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్లదైతే మూడు వోల్టులు. పైగా రేపు వాల్‌బాక్స్ పెట్టుకున్నా అదే తీగ పనికొస్తుంది. దూరం అంతకంటే పెరిగితే 10కి వెళ్లండి. తీగ మీటరు గదిలో విడి ఎంసీబీ నుంచి రావాలి: 15 ఆంపియర్ల ప్లగ్గుకు 20 ఆంపియర్లది, వాల్‌బాక్స్‌కు 40 ఆంపియర్లది. జనరేటరు ఉన్న అపార్ట్‌మెంట్లలో ఈ లైను, కరెంటును జనరేటరుకు మార్చే ఛేంజోవర్‌కు ముందే తీయమని చెప్పాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా లిఫ్టుకు ఉంచిన కరెంటు మీ కారు తాగుతుంది, తర్వాత అందరూ మిమ్మల్నే అడుగుతారు. దీనికి, కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. ఇళ్లలో మామూలుగా కనిపించే 'ఏసీ' రకం కాకుండా 'ఏ' రకం అడిగి తెప్పించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగు. పాత బిల్డింగుల్లో మూడో పిన్ను అలంకారానికే ఉంటుంది. ఫ్రిజ్జు, టీవీ దాన్ని పట్టించుకోవు. కారు ఛార్జరు మాత్రం ఎర్త్ లేదని ఎర్ర లైటు వెలిగించి మొరాయిస్తుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. లైటు పచ్చగా వెలుగుతుంది, ఆయన డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఎప్పుడో న్యూట్రల్ తెగిన రోజున కారు బాడీ మొత్తం 230 వోల్టులతో నిలబడి ఉంటుంది. బొగ్గూ ఉప్పూ వేసి గొయ్యి తీయించినా, కెమికల్ ఎర్తింగు పెట్టించినా మీ ఇష్టం. ఎర్త్ టెస్టరుతో కొలిపించి 5 ఓమ్‌ల లోపు చూపిస్తేనే డబ్బు ఇవ్వండి.

మిగిలింది మీటరు. అపార్ట్‌మెంట్లో కామన్ మీటరు నుంచి తీసుకోవడం తేలిక, తగాదా కూడా అంతే తేలిక. నేనైతే ఆ జోలికి పోవద్దంటాను. అసలు పోటీ సొంత ఫ్లాట్ మీటరుకూ, ఎలక్ట్రిక్ కారుకు (ఈవీకి) విడిగా తీసుకునే కనెక్షన్‌కూ మధ్యే. విడి కనెక్షన్ అడిగే హక్కును 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల నిబంధనలు ఇచ్చాయి.

తెలంగాణలో 2022 నాటి టారిఫ్ ప్రకారం లెక్కేస్తాను. నెలకు 250 యూనిట్లు వాడే ఇంటికి స్లాబుల లెక్కన 1,405 రూపాయలు. నెలకు వెయ్యి కిలోమీటర్లకు కారు తీసుకునే 165 యూనిట్లు (వేడికి పోయేదీ చేర్చి) కలిపితే 415 అవుతుంది, బిల్లు 2,832. అంటే కారు యూనిట్ 8 రూపాయల 65 పైసలు పడ్డట్టు. ఈవీ కేటగిరీలో యూనిట్ 6 రూపాయలే, కాబట్టి నెలకు 437 రూపాయల తేడా. కానీ విడి మీటరుకు స్థిర ఛార్జీ కిలోవాట్ల లెక్కన పడితే, 7 కిలోవాట్ల లోడుకు ఆ మిగులులో పెద్ద ముక్క అటే పోతుంది. డిపాజిటూ, ఆఫీసు చుట్టూ తిరగడమూ అదనం. నెలకు వెయ్యి కిలోమీటర్లు మించనివాళ్లకు సొంత మీటరే నయం. రెండు మూడు వేలు తిరిగేవాళ్లు విడి కనెక్షన్ తీసుకోవాలి. ఆంధ్రలో 400 యూనిట్లు దాటితే స్లాబు 9 రూపాయల 75 పైసలు, ఈవీ రేటు 6.70. అక్కడా లెక్క ఇలాగే తిరుగుతుంది.

తక్కువ కరెంటు వాడే ఇళ్లు ఇంకో సంగతి గమనించాలి. తెలంగాణలో 200 యూనిట్లు దాటగానే మొదటి 200 రేటు కూడా 5.10కి మారిపోతుంది. 120 యూనిట్లతో 436 రూపాయలు కట్టే ఇల్లు కారు వచ్చాక 1,674 కడుతుంది. గృహజ్యోతి (200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు ఉచిత కరెంటు పథకం) కింద సున్నా బిల్లు వస్తున్న ఇంట్లో స్కూటరు ఛార్జింగు పెట్టేవాళ్లు కూడా నెల చివర మీటరు ఓసారి చూసుకోవడం మంచిది.

సెల్లారు పార్కింగైతే సాకెట్‌ను ఛాతీ ఎత్తుకు తక్కువ కాకుండా పెట్టించండి. వానాకాలంలో ఆ సెల్లార్లలో మోకాలి లోతు నీళ్లు నిలవడం కొత్తేం కాదు.