నలభై ఏళ్లుగా వాడుతున్న రాజమండ్రి ఇంకు పెన్ను

1984లో నేను టెన్త్ పాసైనప్పుడు మా నాన్నగారు రాజమండ్రి వెళ్లి తెచ్చి ఇచ్చిన పెన్ను ఇది. ఇంటర్, డిగ్రీ, బీఎడ్ పరీక్షలన్నీ దీంతోనే రాశాను. ఉద్యోగం వచ్చాక ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూల్లో తెలుగు చెబుతూ, దీంతోనే కాపీలు దిద్దుతున్నాను. స్టాఫ్ రూములో కొత్తగా చేరిన టీచర్లు చూసినప్పుడల్లా అడుగుతారు: "మేడమ్, ఇంకా ఇంకు పెన్నేనా? మేం కూడా కొనుక్కోవచ్చా? చేతికి అంటుకోదా?" వాళ్లకి నిలబడి చెప్పేంత తీరిక దొరకదు. అందుకే ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

పెన్ను ఎబొనైట్‌ది. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. కడ్డీగా వచ్చిన దాన్ని లేత్ మీద చెక్కి, లోపల డొల్ల చేసి, మరలు తీసి పెన్ను చేస్తారు. చూడ్డానికి లావుగా ఉంటుంది గానీ చేతిలో బరువే ఉండదు. లోహం పెన్నులా చల్లగా తగలదు. ఎండాకాలంలో గంటసేపు రాశాక వేళ్లు వాసన చూస్తే కొద్దిగా రబ్బరు వాసన వస్తుంది. నాకు ఆ వాసన అంటే పరీక్ష హాలే. కొన్నప్పుడు నిగనిగలాడే నలుపు. కిటికీ పక్కన బల్ల మీద ఏళ్లతరబడి ఉండటంతో ఎండ పడిన వైపు చాక్లెట్ రంగుకు తిరిగింది. గొట్టం మీద చెక్కిన పేరు నా వేళ్ల కిందే అరిగిపోయింది. ఏ కొట్లో కొన్నారో నాన్నగారికి కూడా చివరికి గుర్తు లేదు.

మా ఊళ్లోనే కొట్లో పెన్నులు దొరికేవి. అయినా ఆయన బస్సెక్కి రాజమండ్రి వెళ్లడానికి ఒక కారణం ఉంది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో కె.వి. రత్నం గారు ఆ ఊళ్లోనే పెన్ను తయారు చేసి, గాంధీగారి అనుచరుడు కుమారప్ప గారి ద్వారా ఆయనకు పంపారు. 1935 జులైలో గాంధీగారు వార్ధా నుంచి జవాబు రాశారు. పెన్ను వాడి చూశానని, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొస్తుందని అందులో ఉంది. నాన్నగారు నాకు పెన్ను చేతిలో పెడుతూ ముందు చెప్పింది ఈ ఉత్తరం సంగతే. తర్వాత చెప్పిన మాట, "దీన్ని ఎవరికీ ఇవ్వకమ్మా, పాళీ పాడవుతుంది."

ఆ రెండో మాటకు అర్థం నాకు పదేళ్లకు గానీ తెలియలేదు. పాళీ కొన మనం కాగితం మీద ఆనించే వాలును బట్టి రవ్వంత రవ్వంత అరుగుతుంది. నేను పెన్ను కాస్త కుడివైపు తిప్పి పట్టుకుంటాను. నా పాళీ అలాగే అరిగింది. మా అబ్బాయి ఒకసారి తీసుకుని రాస్తే కాగితం గీరుకుపోయింది. అదే పెన్ను వెంటనే నా చేతిలో నూనె పూసినట్టు జారింది. నేను ఇంకో పెన్ను కొనకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం తెలుగు. మన అక్షరాలన్నీ గుండ్రటి మెలికలు. "ఖ" రాయాలన్నా "ఱ" రాయాలన్నా చెయ్యి ఎక్కడా ఆగకుండా తిరగాలి. బాల్ పెన్నుతో ప్రతి మెలికకూ నొక్కి పెట్టాలి. నలభై కాపీలు దిద్దేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చేస్తుంది. ఇంకు పెన్నును నొక్కక్కర్లేదు, ఆనిస్తే చాలు. తలకట్టు పెట్టేటప్పుడు కిందికి దిగే గీత కాస్త లావుగా, పైకి లేచే కొస సన్నగా వస్తుంది. అది నేను చేసేది కాదు, పాళీయే చేస్తుంది. మా చిన్నప్పుడు బాల్ పెన్ను పట్టుకుంటే దస్తూరీ పాడవుతుందని మాస్టార్లు కోప్పడేవారు. అప్పుడు చాదస్తం అనుకున్నాను. ఇన్నేళ్లుగా పిల్లల కాపీలు చూస్తున్నాక వాళ్లు చెప్పింది నిజమేనని నమ్ముతున్నాను.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. లావుపాటి పాళీ తీసుకుంటే "స్త్ర", "క్ష్మ" లాంటి చోట్ల వత్తులన్నీ ఇంకుతో పూడిపోయి ముద్ద అవుతాయి. ఇంగ్లిష్ ఎక్కువ రాసేవాళ్లకి పరవాలేదు. తెలుగుకి సన్నపాళీయే కావాలి.

దీనికి కార్ట్రిడ్జ్, అంటే మార్చుకునే ఇంకు గొట్టం, ఉండదు. గొట్టమే ఇంకు సీసా. మర విప్పి డ్రాపర్‌తో పొయ్యాలి. నాకిది ఆదివారం పొద్దున కాఫీ తాగాక చేసే పని. పాత పేపరు పరుచుకుని, పెన్ను విప్పి, నీలం పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా కుళాయి కింద కడిగి, గుడ్డ మీద ఆరబెడతాను. ఆరాక ఇంకు పోసి, మర మీద సిలికాన్ గ్రీజు వేలికొసతో రాసి బిగిస్తాను. మా రోజుల్లో గ్రీజు ఎవరికి తెలుసు? కారుతుంటే మర చుట్టూ దారం చుట్టేవాళ్లం. పాళీ తడి ఎక్కువైతే జుట్టుకి తుడుచుకునేవాళ్లం. కాగితం మీద చుక్క పడితే సుద్దముక్క ఆనిస్తే పీల్చేసేది. పరీక్ష రోజున పక్క అమ్మాయి పెన్నులో అయిపోతే, గొట్టం విప్పి ఐదు చుక్కలు అప్పిచ్చేదాన్ని. మర్నాడు ఐదూ లెక్కపెట్టి తిరిగి పోసేది.

ఒకసారి నింపితే నాకు వారం వస్తుంది, దిద్దే పని ఎక్కువుంటే నాలుగు రోజులు. ఇంకు విషయంలో బ్రిల్, కేమెల్ రెండూ వాడాను, రెండూ మంచివే. బొమ్మలు గీసే వాటర్‌ప్రూఫ్ ఇంకు మాత్రం పొయ్యకండి. లోపల ఎండిపోతే గడ్డకట్టి ఇక రాదు.

ఇబ్బందులు దాచను. అన్నిటికన్నా పెద్దది ఇంకు కక్కడం. మా చెల్లి పెళ్లికి శుభలేఖల మీద పేర్లు రాసే పని నాదే. మే నెల, రాత్రి పదకొండు, కరెంటు పోయింది. చేతి వేడికి పెన్ను వెచ్చబడింది. లోపల ఇంకు అడుగంటింది. పెద మావయ్యగారి పేరు సగం రాశానో లేదో, పాళీ నుంచి శనగగింజంత చుక్క జారి, పసుపు రాసిన అంచు దాకా పాకింది. అప్పటికప్పుడు ఇంకో కార్డు తీశాం గానీ, అమ్మ మొహం చూడలేకపోయాను. ఎందుకలా జరిగిందో తర్వాత తెలిసింది. గొట్టంలో ఇంకు తగ్గేకొద్దీ గాలి పెరుగుతుంది. ఆ గాలి చేతి వేడికి వ్యాకోచించి, మిగిలిన ఇంకును బయటికి నెడుతుంది. కాబట్టి పావు వంతుకు తగ్గకముందే నింపుకోవాలి. ఆ ఒక్క అలవాటు చేసుకున్నాక మళ్లీ నాకు చుక్క పడలేదు.

కార్బన్ కాపీలకు ఇది పనికిరాదు. ఓఎంఆర్ షీట్లకు బాల్ పెన్నే వాడాలి. వానలో తడిస్తే రాసినదంతా కొట్టుకుపోతుంది, ఒక దరఖాస్తు అలాగే మూడుసార్లు రాశాను. ఇప్పటి చవక నోటుపుస్తకాల్లో ఇంకు పాకి వెనక పేజీకి దిగుతుంది. ఇంకోటి, ఎబొనైట్‌ను నీళ్లలో నానబెట్టకూడదు. తెలియక ఒకసారి రాత్రంతా గ్లాసులో ఉంచేశాను. తెల్లారేసరికి మెరుపు పోయి బూడిద పూసినట్టయింది. ఎంత రుద్దినా పూర్తిగా తిరిగి రాలేదు.

1999లో చెయ్యి జారి సిమెంటు నేల మీద పడింది. పాళీ నిటారుగా దిగి, కొన వంకర పోయింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. సెలవు పెట్టి రాజమండ్రి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన పెన్ను అందుకుని, ఏమీ అడగకుండా ముందు కళ్లద్దాలు తుడుచుకున్నారు. పాత పాళీ ఊడదీసి కొత్తది పెట్టారు. పాళీ కింద ఉండి ఇంకు అందించే నల్లటి ఎబొనైట్ నాలిక దానికి సరిగ్గా అతకలేదు. ఆ రెంటినీ కలిపి వేడినీళ్లలో ముంచి, తీసి, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నారు. వేడికి ఎబొనైట్ మెత్తబడి పాళీకి అతుక్కుపోతుందట. చల్లారాక సన్నరకం గరుకు కాగితం మీద పాళీతో ఎనిమిది అంకె తిప్పుతూ నన్ను చూడమన్నారు. "మీరు పెన్ను ఎలా పట్టుకుంటారమ్మా?" అని అడిగి, పట్టుకుని చూపిస్తే, అదే వాలులో ఇంకో పదిసార్లు తిప్పారు. చివరికి చిత్తు కాగితం పైన "శ్రీరామ" అని రాసి, పెన్ను నా వైపు జరిపారు.

ఆ తర్వాత ఇప్పటిదాకా దీనికి మరమ్మతు అంటూ చెయ్యలేదు. ముట్టుకున్నవన్నీ విరిగితే పారేసేవే అయిన ఈ రోజుల్లో, నా చెయ్యి వాలు చూసి పాళీ అరగదీసిన మనిషి ఉన్న వస్తువు ఇది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

కొనదలచుకుంటే, రాజమండ్రిలో ఎబొనైట్ పెన్నులు ఇప్పటికీ చేస్తున్నారు. ఫొటో చూసి తెప్పించుకోకండి, వీలైతే వెళ్లండి. మీరు రోజూ రాసే కాగితం ఒకటి వెంట పట్టుకెళ్లి, దాని మీదే రాసి చూడండి. సంతకం చేసి ఊరుకోకండి, వత్తులున్న మాటలు నాలుగైదు రాయండి. కుర్చీలో కూర్చుని, ఇంట్లో రాసినట్టే, అర పేజీ. గీరుకుంటే అక్కడే చెప్పి సరిచేయించుకోండి. నాన్నగారు నాకు ఇది ఇచ్చినప్పుడు మూత లోపల ఒక చిన్న కాగితం చుట్టి పెట్టారు. కొట్లో ఆయన రాసి చూసిన కాగితం అది. దాని మీద నా పేరు ఏడుసార్లు ఉంది.